గిన్నె అంచున తోడుకున్న మాట

ఇటు దగ్గరికి జరగండర్రా. గోడ వారన కూర్చున్నవాళ్ళు చాప ఇటు లాక్కోండి. గొంతు పెంచి చెబితే పాడైపోయే కథ ఇది, చెవి దగ్గర చెప్పుకోవలసింది. జరిగిపోయిన కథ కాదు, ఇంకా జరగవలసిన కథ. మీ పిల్లలకి పిల్లలు పుట్టే నాటిది. నరసాపురం రేవులో పంటు అప్పటికీ ఏరు దాటుతూనే ఉంటుంది, కాకపోతే పొగ లేకుండా ఎండతో నడుస్తుంది. బస్సుకి డ్రైవరు ఉండడు. కండక్టరు మాత్రం ఉంటాడు, చిల్లర దగ్గర పోట్లాడ్డానికి ఎవరో ఒకరు కావాలి కదా. కథ అన్నాక జరిగినట్టే చెప్పాలి కాబట్టి, జరిగినట్టే చెబుతాను.

నూకరత్నం, సత్యవేణి తోడికోడళ్ళు. నూకరత్నం పెద్దకోడలు, సత్యవేణి చిన్నకోడలు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఇద్దరిదీ లేసు పని. నూకరత్నం సూదితో పువ్వులు అల్లేది. ఆ పువ్వుల్ని పక్కపక్కన పేర్చి, దారంతో కలిపి, దుప్పటిగానో బల్లగుడ్డగానో అతికేది సత్యవేణి.

"పువ్వులు ఎవరైనా అల్లుతారక్కా. అతకడంలోనే ఉంది పనంతా" అని ఏడిపించేది.

"నా పువ్వు లేకపోతే ఏం అతుకుతావే? గాలా?" అనేది నూకరత్నం.

ఉప్పు దగ్గర పోట్లాట, ఆరేసిన చీర దగ్గర పోట్లాట, ఆఖరికి పిల్లి ఎవరి వైపు వాటాదో కూడా పోట్లాటే. వాళ్ళిద్దరికీ పడదని వీధి వీధంతా అనుకునేది. సాయంత్రం ఎండ తగ్గాక అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని చెరో గ్లాసు టీ పట్టుకుని, దారాలు ఒకే ఉండలోంచి లాక్కుంటూ పోట్లాడుకునేవారన్న సంగతి వీధికి కనిపించేది కాదు.

ఒక పొద్దున సత్యవేణి పొయ్యి మీద పాలగిన్నె పెట్టి, "అక్కా, పాలు చూస్తూండు, చిటికెసేపు నడుం వాలుస్తాను" అని వాలింది. మళ్ళీ లేవలేదు.

జనం వచ్చారు. సత్యవేణి మొగుణ్ణి పట్టుకుని ఓదార్చారు, ఆడపిల్లలిద్దర్నీ ఒళ్ళోకి తీసుకుని ఓదార్చారు. నూకరత్నాన్ని మాత్రం, "అమ్మా, మంచినీళ్ళెక్కడ? చాపలెక్కడ?" అని అడిగారు. మొగుడు పోతే భార్యది దుఃఖం, తల్లి పోతే బిడ్డలది దుఃఖం. తోడికోడలు పోతే ఏడవాలని ఎవరూ ఎక్కడా చెప్పలేదు. పెద్దకర్మ నాడు వడ్డన అయ్యాక పక్కింటావిడ ఆమె భుజం తట్టి, "పోన్లే రత్నం, ఇకనుంచి వంటింటి పెత్తనం నీ ఒక్కదానిదే" అంది. పాపం, ఏదో తేలికచేద్దామనే అంది. ఆ మాట చేపముల్లులా గొంతులో దిగబడిపోయింది.

అప్పట్నుంచి నూకరత్నం పువ్వులు అల్లుతూనే ఉంది, అతకడానికి ఎవరికీ ఇవ్వదు. రేకుపెట్టె నిండింది. బియ్యం డబ్బా ఖాళీచేసి అందులో వేసింది, అదీ నిండింది. సాయంత్రం అరుగు మీద రెండు గ్లాసులు టీ పెట్టుకుంటుంది. రెండోది మీగడ కట్టేదాకా అలాగే ఉంటుంది. అది తనకోసమేననుకుని ఆమె మొగుడు బుల్లబ్బాయి కొన్నాళ్ళు ఆనందంగా తాగేశాడు. ఒకనాడు కాస్త ముందుగా చెయ్యి చాచాడు.

"అది నీది కాదు" అని గ్లాసు లాక్కుంది.

అప్పుడు చూశాడు బుల్లబ్బాయి పెళ్ళాం మొహంలోకి. చూసి హడలిపోయాడు. మనిషి సగమైంది, తను గమనించనే లేదు.

"డాక్టరమ్మ దగ్గరికెళ్దామే" అన్నాడు. "మనసు డాక్టరమ్మ. స్టీమరు రోడ్డులో ఉంది చూడు. ఊరంతా అక్కడికే వెళ్తన్నారు."

"నాకేం పిచ్చా?"

"పిచ్చోళ్ళకి కాదే, మనసు బరువెక్కినోళ్ళకి. పైగా ఆవిడకి చెప్పింది ఆవిడకే గుర్తుండదంట. గంటవ్వగానే మొత్తం తుడిచిపెట్టుకుపోద్దంట. పరువుకి ఏ ఢోకా లేదు."

"గుర్తుండనిదానికి చెప్పడమెందుకు? నూతిలోకి వంగి చెప్తే పోలా?"

"నూతికి చెవులుండవు గదే" అన్నాడు బుల్లబ్బాయి. వాడి జన్మలో అన్న తెలివైన మాట అదొక్కటే. దానికే బయల్దేరింది.

ఆ డాక్టరమ్మ పేరు వైదేహి. ఊరికి వచ్చిన కొత్తల్లో ఆమె దగ్గరికి ఎవరూ వెళ్ళేవారు కాదు. చిన్న ఊరు కదా, ఇవాళ చెప్పింది రేపు కూరలబజారులో వినపడుతుందని భయం. తెగించి వెళ్ళిన కొద్దిమంది కష్టాలేమో ఆమె ఇంటికి మోసుకొచ్చేది. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆగిపోయేది. నిద్రలో ఎవరెవరి పేర్లో పిలిచేది. అది చూడలేకపోయాడు మొగుడు శశిధర్. మెదడు శాస్త్రం చదివినవాడు. ఇంట్లోనే ఒక గది నిండా తీగలు పరుచుకుని, తిండి మానుకుని, చివరికి ఒక పట్టీ తయారుచేశాడు. నుదుటి చుట్టూ కట్టుకునే మెత్తని గుడ్డపట్టీ, లోపల వెంట్రుకకంటే సన్నని తీగలు. అది కట్టుకుని వైదేహి ఎదుటివాళ్ళ మాట వింటుంది. గంట అయిపోగానే ఆ గంట ఆమెలో ఉండదు. పేరు రాసుకోవడం లేదు, కాగితం ముక్క లేదు. జనానికి ధైర్యం వచ్చింది, వైదేహికి నిద్ర వచ్చింది. పెళ్ళాం మీద ప్రేమతో చేసిన వస్తువర్రా అది. ఆ సంగతి మరిచిపోకండి, ముందు ముందు వాణ్ణి తిట్టుకుంటారు.

నూకరత్నం వెళ్ళిన మొదటిరోజు శశిధర్ పక్కగదిలో పెట్టె ముందు కూర్చుని దీపాలు సరిచూస్తున్నాడు. మాటలు ఆ గదిలోకి వినపడవు, దీపాలే వెలుగుతుంటాయి.

"ఇందులో ఏముంటది బాబూ, మంత్రమా?" అంది.

"మంత్రం కాదండి. పాలు తోడు పెడతారు కదా, వెంటనే పెరుగైపోతుందా?"

"ఎందుకవుద్ది? కదపకుండా ఉంచాలి."

"కదిపితే?"

"తోడుకోదు. పాలూ కాదు, పెరుగూ కాదు."

"విన్న మాట కూడా అంతేనండి. వినగానే జ్ఞాపకం అయిపోదు, తోడుకోవాలి. ఈ పట్టీ ఆ గంటసేపూ గిన్నెని కదుపుతూ ఉంటుంది."

"పాలు పాడుచెయ్యడానికి ఇంత సదువు సదివావా నాయనా" అనుకుంది నూకరత్నం. పైకి అనలేదు, కొత్తచోటు కదా.

లోపల రెండు కుర్చీలు, ఒక కిటికీ, మంచినీళ్ళ కూజా. ఎత్తయిన బల్ల లేదు, సూదిమందు లేదు. వైదేహి లేచి నిలబడి, "నమస్కారమండి, కూర్చోండి. ముందు మీకో సంగతి చెప్పాలి" అంది. "ఇవాళే అన్నీ చెప్పెయ్యాలని లేదు. ఎక్కడ మొదలుపెట్టినా పర్లేదు. ఏడుపొస్తే ఏడవొచ్చు, ఊరుకోవాలనిపిస్తే ఊరుకోవచ్చు. నా పద్ధతి నచ్చకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను. గంటయ్యాక నాకేదీ గుర్తుండదు. సరేనా?"

నూకరత్నం ఇవన్నీ విని బుర్ర ఊపి, "మీదే ఊరండీ?" అంది.

వైదేహి నవ్వింది. "నా సంగతెందుకండీ? మీరు చెప్పండి."

"ఊరు తెలీకుండా నోరెలా పెగులుద్దండీ?"

"వేల్పూరు."

"ఆయ్! వేల్పూరా! మా మేనత్తని ఇచ్చింది వేల్పూరేనండీ! మా బావ కూతుళ్ళది సరిగ్గా మీ ఈడే. అయితే మీరు నాకు కూతురు వరస!"

మన పక్క మనిషికి వరస కుదిరితే సగం తాళం ఊడినట్టే కదా. నూకరత్నం నోరు తెరిచింది. కాకపోతే కూతురి ముందు తల్లి ఏడిస్తే కూతురు బెంగపడుతుంది. అందుకని సత్యవేణి అల్లరంతా చెప్పింది, పిల్లి వాటా సంగతి చెప్పింది, చావు దగ్గరికి రాగానే దాటవేసింది. వైదేహి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇంటికి తిరిగొస్తుంటే నూకరత్నానికి కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

మరుసటి వారం డబ్బా నిండా సున్నుండలు కట్టుకుని వెళ్ళింది. తలుపు తోసుకుని, "ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అంది.

వైదేహి లేచి నిలబడింది. "నమస్కారమండి, కూర్చోండి. ముందు మీకో సంగతి చెప్పాలి."

అదే నవ్వు, అవే మాటలు. నూకరత్నం చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. చరాలున వెనక్కి తిరిగి వచ్చేసింది. వరండాలో మెట్టు మీద ఏడేళ్ళ పిల్ల ఒకతె బడిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే, డబ్బా ఆ పిల్ల చేతిలో పెట్టి నడిచిపోయింది.

"ముందే చెప్పారు కదే గుర్తుండదని" అన్నాడు బుల్లబ్బాయి ఇంట్లో.

"మాట మరిచిపోద్దన్నారు. వరస మరిచిపోద్దని ఎవరన్నారు? వరస కలిపాక మరిచిపోయిన మనిషిని నేనెక్కడా చూళ్ళేదు!"

రెండు రోజులు అలిగి, మూడోనాడు ఆలోచించింది. తప్పు పట్టీది కాదు, తను కలిపిన వరసది. కూతురు వరస అతకలేదు, అంతే. ఈసారి వెళ్ళి, ఊరు అడిగి, "అయితే నువ్వు నాకు చెల్లెలి వరస" అంది. చెల్లెలైతే తిట్టొచ్చు. సత్యవేణిని నోరారా తిట్టింది, "నన్ను పాలు చూడమని చెప్పి తను ఎల్లిపోద్దా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. వైదేహి కళ్ళు కూడా తడిశాయి. ఆ పైవారం మళ్ళీ నమస్కారమండీ, కూర్చోండీ. ఆ తర్వాత వదిన వరస. వదినతో వేళాకోళమే కానీ వెతలు చెప్పుకోరు కదా, ఆ గంటంతా పరాచికాల్లోనే పోయింది. పిన్ని వరస కూడా ప్రయత్నించింది, తనకంటే చిన్నదాన్ని పిన్నీ అనడానికి నోరు రాక మధ్యలో మానేసింది. ఏ వరసా నిలవలేదు.

అయినా వెళ్ళడం మానలేదు. సత్యవేణి పేరు పైకి పలకడానికి ఆమెకి ఊళ్ళో ఇంకో చోటు లేదు. కాకపోతే ప్రతిసారీ మొదట్నుంచీ రావాలి. సత్యవేణి అని ఒకతె ఉండేదండీ, నవ్వేదండీ, అతికేదండీ, పోయిందండీ. ఒకరోజు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"వారం వారం దాన్ని నేనే తీసికెళ్ళి అక్కడ కూకోబెడతన్నానయ్యా" అంది మొగుడితో. "గంటయ్యేసరికి నా చేత్తో నేనే పాడె కట్టి వత్తన్నాను. ఎన్నిసార్లు చంపుకోను?"

బుల్లబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ వరండా మీది పిల్ల వైదేహి కూతురు జాహ్నవి. బడి నుంచి వచ్చి, తల్లికి తీరికయ్యేదాకా మెట్టు మీదే ఉంటుంది. సున్నుండల డబ్బా ఖాళీచేసిన రోజు నుంచీ నూకరత్నాన్ని "సున్నుండల అమ్మమ్మా" అంటుంది. ఆ ఇంట్లో నిలిచిన వరస అదొక్కటే.

"అమ్మమ్మా, రోజూ నేను మా అమ్మని అడుగుతాను, ఇవాళ ఏం జరిగిందీ అని. 'తెలీదమ్మా' అంటుంది. నాన్నని అడిగితే చెప్తాడు, నన్నడిగితే నేను చెప్తాను. అమ్మకే ఏమీ ఉండవు చెప్పడానికి" అంది ఒకరోజు.

నూకరత్నం మనసు చివుక్కుమంది.

"కానీ కొత్త కొత్త మాటలు మాత్రం మాట్లాడుతోంది" అని కిసుక్కున నవ్వింది పిల్ల. "నిన్న పప్పులో ఉప్పెక్కువైందని నాన్న అంటే, 'ఉప్పెక్కువైతే ఊరంతా చాటాలా? మజ్జిగెక్కువ పొయ్యి, మాటెక్కువ కలుపు' అంది. ఎక్కడిదా మాట అని నాన్న అడిగితే అమ్మకే తెలీలేదు!"

నూకరత్నం పిల్ల చెయ్యి పట్టుకుంది. అది సత్యవేణి మాట. వంటింట్లో గరిటె పట్టుకుని, మూతి ఒక పక్కకి వంచి అనే మాట. చెల్లెలి వరస కలిపిన రోజు తనే చెప్పింది. అంటే పోలేదు! ఎంత కదిపినా గిన్నె అంచున కాస్త తోడుకునే ఉంటుంది కదా, అలా మిగిలిపోయింది. సంతోషం పట్టలేక శశిధర్ గదిలోకి పరుగున వెళ్ళి చెప్పేసింది.

"బాబూ! మీ ఆవిడకి మా సత్యేణి మాటొచ్చింది!"

శశిధర్ మొహం పాలిపోయింది. ఒక మాట నిలిచిందంటే రేపు ఇంకొకరి గుట్టు నిలుస్తుంది, ఊరు తన పట్టీని నమ్మి చెప్పుకున్నది ఏ పప్పు దగ్గరో బయటికొస్తుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. ఆ బరువులన్నీ పోలేదు, తెలీకుండా లోపల పేరుకుంటున్నాయన్నమాట. వైదేహి మళ్ళీ నిద్రలో పేర్లు పిలుస్తుందా?

"చెప్పి మంచి పని చేశారండి. పట్టు పెంచాలి" అని పెట్టె వైపు తిరిగాడు.

తనేదో చెప్పకూడనిది చెప్పిందని అప్పుడు అర్థమైంది నూకరత్నానికి. అంతలోనే పట్టీ పట్టు పెంచేశాడు.

మరుసటి వారం ఆమె జంతికలు తెచ్చింది. జాహ్నవి ఒకటి కొరికి, "అమ్మమ్మా!" అని కెవ్వుమంది. పాలపన్ను ఊడి అరచేతిలో పడింది. కేక విని వైదేహి లోపల్నుంచి వచ్చింది. ఒకరు వెళ్ళి ఇంకొకరు రాని మధ్య వేళ, పట్టీ నుదుటి మీదే ఉంది. కూతురి బోసినోరు చూసి ముద్దులు కురిపించింది. "కప్పు మీదికి విసరాలే" అంది నూకరత్నం. పిల్ల విసిరితే పన్ను రేకు అంచుకి తగిలి తిరిగొచ్చి నూకరత్నం ఒళ్ళో పడింది. ముగ్గురూ విరగబడి నవ్వారు. అప్పుడు వైదేహి కూతుర్ని రెండు చేతులా పైకెత్తింది. రెండోసారి పన్ను రేకు మీద టిక్కుమంది.

ఆ పైవారం వెళ్ళేసరికి జాహ్నవి మెట్టు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది.

"ఏమైంది తల్లీ?"

తల ఎత్తకుండానే చెప్పింది. "అమ్మ నన్ను అడిగింది, 'పన్నెప్పుడు ఊడింది జానూ, నాకు చెప్పలేదేం' అని."

నూకరత్నానికి అర్థమైంది. పట్టు పెంచిన పట్టీ గంటని మాత్రమే కదపడం లేదు. గంటకి అటూ ఇటూ ఉన్నదాన్ని కూడా కలిపి చిలికేస్తోంది. ఇదంతా తన నోటి వల్లే. తన సత్యవేణి మాట నిలిచిందని సంబరపడితే, ఆ పసిదాని పన్ను పోయింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"నమస్కారమండి, కూర్చోండి. ముందు మీకో సంగతి..."

"ఆ సంగతి నాకు కంఠతా వచ్చమ్మా. ఇవాళ నా సంగతి చెప్పను, నీ సంగతి చెప్తాను. కూకో."

వైదేహి ఆశ్చర్యపోతూ కూర్చుంది. నూకరత్నం మొదలుపెట్టింది. జంతిక ఎలా కరకరమందో, పన్ను మీద నెత్తురు చుక్క ఎంతుందో, అది తన ఒళ్ళో పడినప్పుడు వైదేహి నవ్వుతూ స్తంభాన్ని ఎలా పట్టుకుందో, పిల్లని ఎత్తినప్పుడు చేతిగాజు పిల్ల గౌనుకి చిక్కుకుని ఎలా విడదీసుకుందో, అన్నీ. కళ్ళున్న మనిషి చూసి చెబితే ఎలా ఉంటుంది, అలా చెప్పింది.

"నేనున్నానా?" అంది వైదేహి. "పన్ను ఊడినప్పుడు నేను పక్కనే ఉన్నానా?"

"ఉండటమేంటమ్మా, నువ్వే ఎత్తావు."

వైదేహి చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. పక్కగదిలో దీపాలన్నీ ఒక్కసారి ఎగసిపడ్డాయి కాబోలు, శశిధర్ పరుగున వచ్చాడు.

"తియ్యకు వైదేహీ! ఇప్పుడు తీస్తే ఈ గంట నీలో ఉండిపోతుంది."

"ఉండనీ."

"మళ్ళీ నీకు నిద్ర ఉండదు. మళ్ళీ నువ్వు..." అన్నాడు.

"జానూ పన్ను ఊడింది శశీ. నేను అక్కడే ఉన్నానట. ఈవిడ చెబితే తెలిసింది."

శశిధర్ తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. వాడి మొహం చూస్తే నూకరత్నానికే జాలేసింది.

"బాబూ, నీ ప్రేమ నాకు తెలుస్తంది" అంది. "గుట్టుగా పోవాలనుకునేవాళ్ళకి నీ పట్టీ దేవుడే. కానీ నాది గుట్టు కాదయ్యా. ఎవరికీ పట్టని సంగతి. తుడిచేత్తే నాకేం మిగులుద్ది? ఇంక ఈయమ్మ బరువంటావా, ఒక్కత్తే మొయ్యమని ఎవరన్నారు? డాక్టర్లకి డాక్టర్లుండరా?"

వైదేహి పట్టీ విప్పి మొగుడి చేతిలో పెట్టింది. నుదుటి మీద దాని అచ్చు ఎర్రగా పడి ఉంది. శశిధర్ ఆ పట్టీని కాసేపు చూసి, మడిచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. వరండాలో కూతురి పక్కన కూర్చున్న చప్పుడు వినిపించింది.

గదిలో ఇద్దరే మిగిలారు. వైదేహి కుర్చీ కాస్త సర్దుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలా ఉంది.

"మీకు మళ్ళీ ముందు నుంచి చెప్పాలండి, ఇప్పుడు మాటలు మారాయి కదా" అంది. "ఇకనుంచి మీరు చెప్పింది నాకు గుర్తుంటుంది. బయట ఎవరికీ చెప్పను. దారిలో కనిపిస్తే మీరు పలకరిస్తేనే పలకరిస్తాను, తెలిసినట్టు బయటపడను. ఒక్కోసారి తప్పు ప్రశ్న అడుగుతాను, అప్పుడు నన్ను కోప్పడండి. కొన్నిసార్లు ఇక్కడికొచ్చి వెళ్ళాక బరువు తగ్గకపోగా పెరిగినట్టుంటుంది, దానికి భయపడకండి. తొందరేమీ లేదు."

నూకరత్నం బుర్ర ఊపి, అలవాటుకొద్దీ, "ఇంతకీ నీకూ నాకూ ఏ వరస పెడదామంటావమ్మా?" అంది.

వైదేహి ఆలోచించింది. "ఏ వరసా వద్దండి. కూతురి ముందు ఏడవలేరు, చెల్లెలి ముందు తగ్గలేరు, వదినకి చెబితే వేళాకోళం. బయట మీకు బోలెడు వరసలున్నాయి. ఏ వరసా లేని మనిషి ఒక్కరుంటే, వాళ్ళ దగ్గర ఏదైనా చెప్పుకోవచ్చు. నేను అలా ఉంటాను."

నూకరత్నం ముక్కున వేలేసుకుంది. వరస లేకుండా మనిషికి మనిషి దగ్గరవడం ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. కానీ చిత్రం, ఆ మాట వినగానే గొంతులో ముల్లు కొంచెం కదిలింది.

"ఎవరు పోయారు మీకు?" అంది వైదేహి.

"నా తోడికోడలండి. సత్యవేణి."

"తోడికోడలన్నది వరస. ఆవిడ మీకు ఎవరు?"

ఎవరూ అడగలేదర్రా ఆ మాట. పెద్దకర్మకి వచ్చినవాళ్ళు అడగలేదు, కట్టుకున్నవాడు అడగలేదు, తనని తాను కూడా అడగలేదు. నూకరత్నం కిటికీ వైపు చూసింది, చేతుల వైపు చూసుకుంది.

"నేను అల్లినదాన్ని అతికేదండి" అంది. "నేను విడివిడిగా అల్లి పడేసేదాన్ని. అది అన్నీ కలిపి ఒకటి చేసేది. ఇప్పుడు నేనంతా పువ్వులు పువ్వులుగా పడున్నానండి."

అంటూనే ఏడ్చింది. దాటవెయ్యలేదు, కొంగు కుక్కుకోలేదు. వైదేహి ఊరుకోబెట్టలేదు, మంచినీళ్ళు కూడా అందించలేదు, అలా చూస్తూ కూర్చుంది. పాలగిన్నె దాకా వచ్చింది నూకరత్నం. "పాలు పొంగుతుంటే దాన్ని పిలిచానండి. పలకలేదు. పాలు దింపుదునా, దాని దగ్గరికి వెళ్దునా..." అక్కడ ఆగిపోయింది. గంట కూడా అయింది.

"ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం" అంది వైదేహి. తలుపు దాకా వచ్చింది.

ఆ వారం నూకరత్నానికి రోజులు గడవలేదు. తలుపు తీయగానే మళ్ళీ ఆ మొదటి మాటే వస్తుందేమోనని భయపడుతూనే ఉంది. పట్టీ విప్పడం తను కళ్ళారా చూసింది. అయినా నమ్మకం ఏది? వెళ్ళవలసిన రోజు మధ్యాహ్నం రేకుపెట్టె తెరిచి ఒక గుప్పెడు పువ్వులు తీసి, మళ్ళీ వేసి, మూత పెట్టి బయల్దేరింది. చేతిలో డబ్బా లేదు. జాహ్నవి మెట్టు మీద నుంచి, "అమ్మమ్మా, ఉత్త చేతులేనా!" అంది బోసినోటితో. తలుపు తోసింది.

వైదేహి లేచి నిలబడింది. కళ్ళ కింద కాస్త నీడ ఉంది, నిద్ర తక్కువైన మనిషిలా.

"రండి నూకరత్నం గారూ" అంది. "పోయినవారం సత్యవేణి గారి దగ్గర ఆగాం. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి."

నూకరత్నం గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. సత్యవేణిని మొదట్నుంచి బతికించి మళ్ళీ చంపుకోనక్కర్లేదు. తను రాకముందే సత్యవేణి ఆ గదిలోకి వచ్చి కూర్చుని ఉంది.

తర్వాత సంగతులు క్లుప్తంగా చెబుతాను. పోయిన గంటలు వైదేహికి తిరిగి రాలేదు, తోడుకోని పాలు తోడుకోవు. పన్ను సంగతి నూకరత్నం చెప్పినదే ఆమెకి జ్ఞాపకం. శశిధర్ పట్టు తగ్గించాడు. గుమ్మంలోనే అందర్నీ అడగడం మొదలుపెట్టాడు, మరపు కావాలా, గుర్తు కావాలా అని. గిన్నె అంచున ఒక్కోసారి కాస్త మిగులుతుందని కూడా దాచకుండా చెప్పేవాడు. మరపు అడిగినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ అవసరం వాళ్ళది. వైదేహి రోజుకి కొద్దిమందినే చూసేది. భీమవరంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తనూ వెళ్ళి కుర్చీలో కూర్చుని, "ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదండి" అంది. సాయంత్రం జాహ్నవి అడిగితే, "ఇవాళ ఒకావిడ ఏడ్చింది, నేను విన్నాను. అంతకుమించి చెప్పకూడదు" అనేది. పిల్లకి అది చాలు.

నూకరత్నం ఒక సాయంత్రం అరుగు మీద పువ్వులు పరుచుకుంది. అతుకు పని ఆమెకి రాదు. దారం ఒకచోట బిగిసింది, ఒకచోట వదులైంది, అంచు వంకర పోయింది. ఎత్తి చూసుకుని, ఎదురుగా ఉన్న గ్లాసుతో, "నవ్వుతావేంటే? అతకడంలోనే ఉంది పనంతా. ఒప్పుకున్నాలే" అంది. ఆ వంకర గుడ్డనే బల్ల మీద పరిచింది. రెండో గ్లాసు టీ మీగడ కట్టకముందే బుల్లబ్బాయిని పిలిచి ఇచ్చింది. "ఇది సత్యేణి టీ. దాన్ని తలుచుకుని తాగు" అని.

ఇదీ కథ. ఇక లేవండి, దీపాలు పెట్టే వేళైంది. ఒక్క పని మాత్రం చెయ్యండర్రా. సత్యవేణి అని ఒకతె ఉంటుంది, ఉప్పెక్కువైతే మాటెక్కువ కలపమంటుంది. ఆమెని మీ గిన్నె అంచున కాస్త తోడుకోనివ్వండి. ఎవరింట్లోనైనా ఏ వరసకీ అందని దుఃఖం కనబడితే, పక్కన కూర్చుని ఈ కథ వాళ్ళకి చెప్పండి. పేరు మాత్రం మార్చకండి.